అచ్చేసిన గీత అసలు ఏం కొలుస్తోంది? మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో ప్రింటెడ్ టెంపరేచర్ సెన్సర్ల మీద, అంటే ప్లాస్టిక్ షీటు మీదో కాగితం మీదో కరెంటు పారే ఇంకుతో అచ్చువేసి వేడి కొలిచే సెన్సర్ల మీద, అరపేజీ రాశాం. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఎక్కువమంది అడిగింది "ఎలా తయారుచేయాలి" అనే. "తయారైంది సరిగ్గా పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది" అని అడిగినవాళ్లు తక్కువ. నన్నడిగితే రెండోదే అసలు పని. జవాబుల్లో చోటు కూడా దానికే ఎక్కువ పోయింది, ముందే చెప్పేస్తున్నా.

ఇలాంటి సెన్సర్లు ల్యాబుల్లో తప్ప మామూలు ఇళ్లలో కూడా ఉంటాయా? అచ్చువేసిన గీతకి వేడి ఎలా తెలుస్తుంది?
— గృహిణి, తణుకు

ఉంటాయండీ. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే ఆ టెస్ట్ స్ట్రిప్ ఒకటి వెలుతురులో పట్టుకుని చూడండి. చాలా కంపెనీల స్ట్రిప్పుల్లో కనపడే నల్లటి గీతలు కార్బన్ ఇంకుతో స్క్రీన్ ప్రింటింగ్ చేసినవే. కీబోర్డు పాడైతే విప్పి చూడండి, లోపల పల్చటి ప్లాస్టిక్ షీటు మీద వెండి రంగు గీతలుంటాయి, అదీ అచ్చే. కారు వెనక అద్దం మీద మంచు పోగొట్టే గీతలు కూడా వెండి పేస్టుతో వేసి కాల్చినవే. ఇవేవీ వేడి కొలవవు, కానీ పద్ధతి ఇదే.

వేడి సంగతికొస్తే, లోహం వేడెక్కేకొద్దీ దానిలో కరెంటుకి అడ్డు పెరుగుతుంది, దాన్నే రెసిస్టెన్స్ అంటాం, ఓంలలో కొలుస్తాం. ఫ్యాక్టరీల్లో వాడే పీటీ100 అనే ప్లాటినం సెన్సర్ 0 డిగ్రీల దగ్గర 100 ఓంలు చూపిస్తే 100 డిగ్రీల దగ్గర 138.5 చూపిస్తుంది. గట్టి వెండి తీగ కూడా సుమారుగా ఇంతే, డిగ్రీకి 0.38 శాతం. అచ్చువేసిన వెండి మాత్రం అంత చూపించదు. అందులో ఉండేది ఒకదాని మీద ఒకటి పడి జిగురుతో అతుక్కున్న వెండి రేకులు, మధ్యలో బోలెడు ఖాళీలు, జిగురుపొరలు. కాబట్టి డిగ్రీకి 0.1 నుంచి 0.3 శాతం మధ్య ఎక్కడో ఉంటుంది, ఇంకుని బట్టి, ఎంతసేపు కాల్చారన్నదాన్ని బట్టి. కింద జవాబుల్లో లెక్క తేలిగ్గా ఉండటానికి 0.2 శాతం అనుకుందాం, అంటే 100 ఓంల సెన్సర్‌కి డిగ్రీకి 0.2 ఓం.

మాది హన్మకొండలో స్క్రీన్ ప్రింటింగ్ షాపు. పెళ్లి కార్డులు, స్టిక్కర్లు, క్యారీ బ్యాగులు వేస్తాం. ఇంజనీరింగ్ పిల్లలు కొందరు వచ్చి సిల్వర్ పేస్టుతో సెన్సర్లు వేసిపెట్టమంటున్నారు. ఒప్పుకోవచ్చా?
— షాపు యజమాని, హన్మకొండ

ఒప్పుకోండి, కానీ పేస్టు వాళ్లనే తెచ్చుకోమనండి, స్క్రీన్ మీద మిగిలిపోయేది ఎవరి ఖాతాలో పోతుందో ముందే మాట్లాడుకోండి. ఎందుకంటే సెన్సర్‌లోకి వెళ్లే పేస్టు చాలా తక్కువ. అర మిల్లీమీటరు వెడల్పు, మీటరు పొడవు, 10 మైక్రాన్ల మందం గీత అంటే 5 ఘన మిల్లీమీటర్లు, ఆరాక బరువు తూస్తే దాదాపు 30 మిల్లీగ్రాములు. స్క్వీజీకి (పేస్టుని లాగే రబ్బరు పట్టీకి), మెష్‌కి (స్క్రీన్ జాలీకి) అంటుకుని కడుగుడులో పోయేది దానికి ఎన్నో రెట్లు. వెండి ధర మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే ఒకటీ అరా వేయకుండా ఒకే ఫ్రేములో పదీ పన్నెండు డిజైన్లు సర్ది ఒకేసారి వేయండి.

మీ పనిలోని మెలకువలన్నీ ఇక్కడా పనికొస్తాయి, మారేవి కొన్నే. కార్డుల కోసం వాడే మెష్ ఏదంటే అది పట్టుకోకుండా ఇంచికి 200 నుంచి 300 దారాల మధ్యది చూసుకోండి. ఏది సరిపోతుందో పేస్టు డబ్బాతో ఇచ్చే కాగితంలో ఉంటుంది, ఆ కాగితం పారేయకండి. పేస్టులో ఉండేది సాల్వెంటు కాబట్టి నీళ్ల ఇంకులకి వాడే ఎమల్షన్, అంటే స్క్రీన్ మీద డిజైన్ నిలిపే పూత, పెడితే రెండు మూడు లాగుళ్లకే అంచులు ఊడిపోతాయి, సాల్వెంటుకి తట్టుకునేదే పూయాలి. పేస్టు ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే బయటికి తీసిన వెంటనే మూత తెరవకండి, గది వేడికి వచ్చేదాకా ఆగాలి, లేకపోతే గాలిలోని తేమ చల్లటి పేస్టు మీద చెమటలా పడుతుంది. తర్వాత గరిటెతో అడుగునుంచి మెల్లగా కలపండి. వెండి బరువైనది, అడుగున పేరుకుపోతుంది. గబగబా గిలకొడితే గాలి బుడగలు చేరతాయి, ప్రతి బుడగా గీతలో ఒక సన్నటి చిల్లు అవుతుంది.

డిజైన్ పాము మెలికల్లా ఉంటుంది. ఆ పొడవాటి గీతలు స్క్వీజీ లాగే దిక్కులోనే ఉండేలా ఫ్రేము పెట్టండి, అడ్డంగా పెడితే అంచులు రంపం పళ్లలా వస్తాయి. లాగుడు మధ్యలో ఆపొద్దు.

పిల్లలు "100 ఓంలు రావాలి" అంటారు, అది ఎలా వస్తుందో మీకూ తెలిస్తే మంచిది. గీతని దాని వెడల్పంత చదరాలుగా కోసినట్టు ఊహించుకోండి. అర మిల్లీమీటరు వెడల్పు, 5 సెంటీమీటర్ల పొడవున్న గీతలు 20 వేసి చివర్లు కలిపితే మొత్తం మీటరు పొడవు, అంటే 2000 చదరాలు. 10 మైక్రాన్ల మందంలో ఒక్కో చదరం 50 మిల్లీఓంలు ఉందనుకుంటే మొత్తం 100 ఓంలు. పొర మందం పెరిగితే ఓంలు తగ్గుతాయి, పల్చబడితే పెరుగుతాయి. అంటే మీ స్క్వీజీ ఒత్తిడే వాళ్ల రీడింగు, కాబట్టి ఎప్పుడూ ఒకే చేయి లాగాలి. వేశాక మల్టీమీటరు పెట్టి చూడండి: ఏమీ చూపించకపోతే ఎక్కడో తెగింది, 100 రావాల్సిన చోట 90 వస్తే పొర మందమైనా అయి ఉండాలి, లేదా పక్కపక్క గీతలు రెండు ఎక్కడో అంటుకుని కరెంటు అడ్డదారైనా పట్టి ఉండాలి. అంటుకుని ఉంటే భూతద్దంతో చూస్తే ఆ చోటు కనిపిస్తుంది.

ఆరబెట్టడం ర్యాకులో గాలికి వదిలేస్తే కాదు. మామూలు సిల్వర్ పేస్టుకి 120 నుంచి 150 డిగ్రీల ఓవెన్లో 10 నుంచి 30 నిమిషాలు కావాలి. పాలియెస్టర్ షీటు ముందే వేడిచేసి కుదించిన రకం కాకపోతే ఓవెన్లో ముడుచుకుంటుంది, కాబట్టి ఖాళీ షీటుని ఒకసారి ఓవెన్లో పెట్టి తీసి ఆ తర్వాతే అచ్చు వేయండి. ఇంట్లో కేకులు చేసే ఓవెన్ ఒకసారి దీనికి వాడితే మళ్లీ వంటకి పనికిరాదు, ఈ మాట పిల్లలకి మీరే గట్టిగా చెప్పండి. వైర్లు సోల్డర్ చేస్తామంటే అదీ వద్దనండి: ప్లాస్టిక్ కరుగుతుంది, అది కరగకపోయినా గీతలోని వెండి కాస్తా సోల్డర్‌లోకి కరిగి గీతే మాయమవుతుంది. కండక్టివ్ ఎపాక్సీ గానీ, షీటుని గుచ్చి పట్టుకునే క్రింప్ కనెక్టర్ గానీ వాడాలి. కాపర్ టేపు అతికిస్తే ఆ రోజుకి బాగానే ఉంటుంది, నాలుగుసార్లు వేడెక్కి చల్లారేసరికి జిగురు వదిలేస్తుంది.

100 ఓంల సిల్వర్ సెన్సర్ వేశాం. దానికి సిరీస్‌లో 100 ఓంల రెసిస్టర్ పెట్టి ఆర్డునో అనే చిన్న కంప్యూటర్ బోర్డు 5 వోల్టులకి కలిపి మధ్యలో రీడింగ్ తీస్తున్నాం. డిగ్రీ డిగ్రీకి మారడం లేదు, పైగా ఏమీ చేయకపోయినా మెల్లగా పెరుగుతోంది. రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. ఇంకు నాసిరకమా?
— ఫైనలియర్ ఈసీఈ విద్యార్థులు, భీమవరం

ఇంకుని తిట్టకండి, సర్క్యూట్‌ని చూడండి. 5 వోల్టులు, మొత్తం 200 ఓంలు, అంటే సెన్సర్‌లో 25 మిల్లీయాంపులు పారుతున్నాయి. 62 మిల్లీవాట్ల వేడి ఆ పల్చటి షీటులోనే పుడుతోంది. మీరు కొలుస్తున్నది గది వేడి కాదు, మీరు పెట్టిన సెగే. "ఏమీ చేయకపోయినా పెరుగుతోంది" అన్నది అదే. ఇక రెండోది: డిగ్రీకి 0.2 ఓం మారితే మీ మధ్య పాయింటు దగ్గర వోల్టేజి మారేది 2.5 మిల్లీవోల్టులు, 10 బిట్ల ఆర్డునో వోల్టేజిని అంకెగా మార్చేటప్పుడు ఒక్కో మెట్టు 4.9 మిల్లీవోల్టులు. అంటే రెండు డిగ్రీలు మారితే గానీ అంకె కదలదు.

కరెంటుని 1 మిల్లీయాంపు దగ్గరికి దించండి. 5 వోల్టుల నుంచి ఒక 4.7 కిలోఓంల రెసిస్టర్, దాని కింద మంచి రకం 100 ఓంల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్, దాని కింద సెన్సర్, అన్నీ సిరీస్‌లో. వోల్టేజిని ఇంకా సన్నటి మెట్లలో అంకెగా మార్చే ఏడీఎస్1115 అనే 16 బిట్ల చిన్న బోర్డు దొరుకుతుంది, హైదరాబాద్ వెళ్లేవాళ్లుంటే కోఠి గుజరాతీ గల్లీలో అడగమనండి. దాంట్లో రెండు డిఫరెన్షియల్ జతలుంటాయి, అంటే రెండు పాయింట్ల మధ్య వోల్టేజి తేడా చూసేవి, ఒకటి 100 ఓంల రెసిస్టర్ మీద, ఒకటి సెన్సర్ మీద పెట్టి, రెండు వోల్టేజీల నిష్పత్తి తీయండి. యూఎస్‌బీ వోల్టేజి అటూఇటూ ఊగినా నిష్పత్తికి ఏమీ కాదు. 0.256 వోల్టుల రేంజిలో దాని మెట్టు 7.8 మైక్రోవోల్టులు, మీ సెన్సర్ డిగ్రీకి సుమారు 200 మైక్రోవోల్టులు ఇస్తుంది, డిగ్రీకి 25 మెట్లు వచ్చినట్టే.

సెన్సర్ ప్యాడ్‌ల దగ్గరనుంచి రెండు కాదు, నాలుగు వైర్లు లాగండి: రెండు కరెంటు తీసుకెళ్లడానికి, రెండు వోల్టేజి చూడటానికి. వైర్లూ క్లిప్పులూ కలిపి 0.3 ఓం ఉన్నా మీ లెక్కలో అది డిగ్రీన్నర తప్పు, క్లిప్పు కదిలినప్పుడల్లా అదీ మారుతుంది. సొంత సెగ పోయిందో లేదో తెలియాలంటే కరెంటుని రెట్టింపు చేసి చూడండి, రెసిస్టెన్స్ మారకపోతే పోయినట్టే.

రివ్యూలో "కొద్ది రూపాయలకి దొరికే 10 కిలోఓంల థర్మిస్టర్ పెట్టుకోవచ్చుగా" అని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. నిజమే, థర్మిస్టర్ అంటే వేడికి రెసిస్టెన్స్ బాగా మారే చిన్న పూస, అది 25 డిగ్రీల దగ్గర డిగ్రీకి 4 శాతం పైనే మారుతుంది, మామూలు ఆర్డునోకే చాలు. మీ షీటు వంగుతుంది, అరచేయంత వెడల్పున సగటు వేడి చూస్తుంది, పూస థర్మిస్టర్ ఒక్క చుక్క దగ్గర చూస్తుంది. ఈ తేడా అక్కర్లేని చోట థర్మిస్టరే వాడాలి, ఆ మాట మీరే ముందు చెప్పేస్తే అడిగేవాళ్ల నోరు మూతపడుతుంది. థర్మిస్టర్‌నే అచ్చువేసినవాళ్లూ ఉన్నారు. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ యూనివర్సిటీ బృందం సిలికాన్ నానో పొడిని ఇంకుగా చేసి ప్రింట్ చేసింది, దాని మీద కంపెనీ కూడా పెట్టారు. రిపోర్టు రాసేటప్పుడు అది చూసి రాయండి.

వేడినీ తేమనీ కావాల్సినంత దగ్గర నిలిపే ఎన్విరాన్‌మెంటల్ చాంబర్ లేదు, కొనే డబ్బూ లేదు. కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ఉన్నవాటితో ఇలాంటి సెన్సర్‌ని నమ్మకంగా టెస్ట్ చేయించగలమా?
— ఫిజిక్స్ లెక్చరర్, మదనపల్లె

చేయించొచ్చు మాస్టారూ. చాంబర్ ఉన్నచోట దాని డిస్‌ప్లేలో అంకె చూసి రాసుకుంటూ పోతారు, లేనిచోట కనీసం ఆలోచిస్తారు.

ముందు ఐసుతో మొదలుపెట్టండి. మంచి నీళ్లతో చేసిన ఐసుని బాగా నలగ్గొట్టి ఫ్లాస్కులో నింపి, ముక్కల మధ్య సందులు నిండేంత నీళ్లే పోయండి. ఐసు తేలుతూ అడుగున నీళ్లు మిగిలితే ఆ అడుగు నీళ్లు 3, 4 డిగ్రీల దాకా ఉండొచ్చు, అది 0 కాదు. పిల్లలు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. సెన్సర్‌ని నేరుగా నీళ్లలో ముంచొద్దు, నీళ్లు గీతల మధ్య కరెంటు పారిస్తాయి. జిప్ కవర్లో పెట్టి గాలంతా నొక్కి తీసేసి, పక్కనే పోల్చి చూడటానికి నమ్మకమైన ఇంకో సెన్సర్ (రిఫరెన్స్) ఆనించి, రెండూ ఐసు మధ్యలో ఉండేలా దించండి. కవర్లో గాలి మిగిలితే రీడింగ్ స్థిరపడటానికి చాలాసేపు పడుతుంది. రిఫరెన్స్‌కి పీటీ100 క్లాస్ ఏ ఉంటే మంచిది, 0 దగ్గర దాని తేడా 0.15 డిగ్రీలకి మించదు. లేకపోతే స్టీలు గొట్టంలో వచ్చే డీఎస్18బీ20 అనే డిజిటల్ సెన్సర్ తెచ్చుకోండి, దానికి అర డిగ్రీ తేడా ఒప్పుకున్నదే, కానీ ఐసులో పెట్టి ఎంత తప్పుందో రాసుకుంటే 0 దగ్గర ఆ తేడా దిద్దుకోవచ్చు.

పై చివరకి మరిగే నీళ్లు 100 అని రాసేసుకోవద్దు. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ నీళ్లు 98కి కాస్త కిందే మరుగుతాయి. హార్స్‌లీ హిల్స్ మీద అయితే 96 దగ్గరే. ఇది పిల్లలకి ఇంకో ప్రయోగం అవుతుంది, కాదనను, కానీ పాలియెస్టర్ షీటుకి మరిగే నీళ్లదాకా వెళ్లనవసరం లేదు. అది 70, 80 డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలుపెడుతుంది, తర్వాత మీరు చూసే మార్పులో షీటు వాటా ఎంతో వెండి వాటా ఎంతో విడదీయలేరు.

కాబట్టి ఫ్లాస్కులో 70 డిగ్రీల నీళ్లు పోసి సెన్సర్ దించి వదిలేయండి. అది తనంతట తాను చల్లారుతుంటే 5 డిగ్రీలకోసారి రెండు రీడింగులూ రాయించండి. ఫ్లాస్కు మెల్లగా చల్లారుతుంది కాబట్టి సెన్సరూ రిఫరెన్సూ ఒకే వేడిలో ఉంటాయి. గిన్నెలో అయితే ఒకటి ముందు పరిగెడుతుంది, ఒకటి వెనకపడుతుంది, ఆ తేడాని పిల్లలు సెన్సర్ గుణమనుకుంటారు. 30 దాకా దిగాక, ఇప్పుడు వేడినీళ్లు కొంచెం కొంచెం కలుపుతూ, కలిపిన ప్రతిసారీ స్థిరపడనిస్తూ, మళ్లీ 70కి ఎక్కించండి. దిగేటప్పుడు 50 దగ్గర 110.2 ఓంలు చూపించింది ఎక్కేటప్పుడు 110.5 చూపిస్తే, తేడా 0.3 ఓం, అంటే డిగ్రీన్నర. ఆ సెన్సర్ ఖచ్చితత్వం గురించి అంతకంటే మెరుగ్గా ఏం చెప్పినా అబద్ధమే. గ్రాఫు మీద గీత ఎంత తిన్నగా వచ్చిందని చాలామంది మురిసిపోతారు, ఆ తిన్నదనాన్ని చెప్పే ఆర్-స్క్వేర్ 0.999 అని పెద్దక్షరాల్లో రాస్తారు. ఒకవైపే ప్రయాణం చేస్తే ఏ గీతైనా తిన్నగానే వస్తుంది.

ఆ తర్వాత చేయాల్సింది వేడి మార్చకుండా మిగతావన్నీ మార్చడం. అదే సెన్సర్ని గదిలో స్థిరంగా ఉంచి కొంచెం వంచండి, పక్కన తడిబట్ట పెట్టి గాజు గిన్నె బోర్లించండి, ఎండలో పెట్టి తీయండి, కనెక్టర్ ఊడదీసి మళ్లీ పెట్టండి, వేలితో నొక్కండి. ప్రతిసారీ ఎన్ని ఓంలు కదిలాయో 0.2తో భాగించి డిగ్రీల్లో రాయించండి. ఆ పట్టికలో పెద్ద అంకె ఏది వస్తే దాని మీదే వచ్చే ఏడాది ప్రాజెక్టు. ఒక సెన్సర్‌తో కాకుండా ఒకే షీటులోని మూడు నాలుగింటితో చేయించండి. అన్నీ ఒకేలా కదిలితే అది ఇంకు గుణం, ఒక్కటే కదిలితే దాని కనెక్షన్.

ఎంత త్వరగా స్పందిస్తుందో కూడా చూడొచ్చు. గది వేడిలో ఉన్నదాన్ని ఒక్కసారిగా ఐసులో ముంచి, మొత్తం మార్పులో 63 శాతం ఎంతసేపట్లో వచ్చిందో చూడటమే. ఫోన్‌లో వీడియో తీస్తే మల్టీమీటరు అంకెలు తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

పాల డైరీలో మెయింటెనెన్స్ చూస్తాను. మాకు నమూనాకి ఇచ్చిన ప్రింటెడ్ సెన్సర్ బల్ల మీద సరిగ్గానే చూపించింది. రెండించుల స్టీలు పైపుకి చుట్టి అతికిస్తే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. పైపు నిజంగా అంత వేడి లేదు.
— టెక్నీషియన్, చిత్తూరు జిల్లా

మీరు చెప్పిన అంకె లెక్కకి అచ్చం సరిపోయింది, చదివి సంతోషమేసింది. 125 మైక్రాన్ల షీటుని 25 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న పైపుకి చుడితే బయటివైపు ముఖం 0.25 శాతం సాగుతుంది. గీత సాగితే పొడవు పెరిగి, సన్నబడి, రెసిస్టెన్స్ సాగినదానికి కనీసం రెట్టింపు పెరుగుతుంది, అంటే 0.5 శాతం. డిగ్రీకి 0.2 శాతం లెక్కన రెండున్నర డిగ్రీలు! సెన్సర్ దృష్టిలో సాగడానికీ వేడెక్కడానికీ తేడా లేదు, రెండూ ఓంలే.

గీతలు పైపుకి అడ్డంగా చుట్టుకోకుండా పైపు పొడవునా ఉండేలా తిప్పి అతికించండి, తప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఇచ్చినవాళ్లని అడిగి గీతల పైన కూడా అంతే మందం షీటుతో లామినేట్ చేయించుకుంటే ఇంకా మంచిది, అప్పుడు గీతలు మందానికి సరిగ్గా మధ్యలో పడతాయి, అక్కడ సాగడమూ ఉండదు, నలగడమూ ఉండదు. ఇవేవీ కుదరకపోతే అతికించాకే, పైపు మీదే, కాలిబ్రేట్ చేయండి, అంటే తెలిసిన వేడితో పోల్చి సరిచూసుకోండి. బల్ల మీద చేసిన కాలిబ్రేషన్ మాత్రం పైపుకి పనికిరాదు. మీ చోట సీఐపీ (పైపులు విప్పకుండానే లోపల కడిగే పద్ధతి) కడుగుడు ఆవిరి, తడి ఉంటాయి కాబట్టి అంచులు సీల్ చేశారో లేదో కూడా చూడండి. తడిలో డీసీ వోల్టేజి కింద వెండి ఒక గీత నుంచి పక్క గీతకి వేళ్లూనినట్టు పాకి షార్ట్ చేస్తుంది, అది ఒక్కరోజులో జరగదు, అందుకే నమూనా టెస్టులో దొరకదు.

టీకా సీసాల మీద గుండ్రంలో చదరం ఉన్న స్టిక్కర్ కూడా ప్రింటెడ్ సెన్సరేనా? దాన్ని ఎలా టెస్ట్ చేస్తారు?
— ఏఎన్ఎం, పాడేరు

సెన్సరే అమ్మా, కాకపోతే కరెంటుతో పనిలేనిది. 1996లో పోలియో చుక్కల సీసాలతో మొదలైంది. లోపలి చదరంలోని రసాయనం వేడికి కొద్దికొద్దిగా అణువులు కలిసి రంగు తేలుతుంది, ఎంత వేడి, ఎంతసేపు అన్న రెండూ కూడి ఆ రంగులో పడతాయి. ఫ్రిజ్‌లో మళ్లీ పెట్టినంత మాత్రాన వెనక్కి రాదు. చదరం చుట్టూ ఉన్న వలయం రంగుకి చేరినా, అంతకంటే ముదిరినా ఆ సీసా వాడకూడదని మీకు తెలిసిందే. టెస్ట్ సూటిగా ఉంటుంది: 37 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉంచి ఎన్నాళ్లకి ఆ రంగుకి చేరిందో చూస్తారు. 2, 7, 14, 30 అని రకాలున్నది ఆ రోజుల లెక్కే, ఏ టీకా ఎంత తట్టుకుంటుందో దాన్ని బట్టి ఆ రకం అతికిస్తారు.

ఒకటి గుర్తుంచుకోండి, ఇది గడ్డకట్టడాన్ని చూపించదు. పెంటావాలెంట్ లాంటివి ఐసు ప్యాకుకి ఆనుకుని గడ్డకట్టి పాడైపోయినా స్టిక్కర్ లేతగానే ఉంటుంది. ఐసు ప్యాకుల్ని కాసేపు బయట ఉంచి, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చాకే క్యారియర్లో పెట్టమని చెప్పేది అందుకే.

బాగా వేడికి తట్టుకునే పాలిఇమైడ్ ప్లాస్టిక్ షీటు మీద ఇంక్‌జెట్‌తో సిల్వర్ నానో ఇంకు వేసి 150 డిగ్రీల దగ్గర సింటర్ చేశాను, అంటే కణాలు అతుక్కునేలా కాల్చాను. 120 దాకా వేడిచేసి దించితే రెసిస్టెన్స్ మొదటి చోటికి రావడం లేదు, తగ్గిపోతోంది. రెండోసారి ఇంకొంచెం. ఏ రీడింగ్‌తో కాలిబ్రేట్ చేయాలి?
— మాస్టర్స్ విద్యార్థి, కెమ్నిట్జ్, జర్మనీ

ఇప్పుడప్పుడే దేనితోనూ కాదు. మీ సెన్సర్ ఇంకా తయారవుతూనే ఉంది. 150 దగ్గర కాసేపే ఉంచి ఉంటారు, నానో కణాలు పూర్తిగా అతుక్కోలేదు, 120 దగ్గర మీరు టెస్ట్ అనుకుంటున్నది మిగిలిన సింటరింగే. వేడి 120 దగ్గరే స్థిరంగా ఆపి ఒక గంట లాగ్ చేయండి. వేడి కదలకుండా రెసిస్టెన్స్ దిగుతూ ఉంటే అనుమానం తీరినట్టే. షీటు పాలిఇమైడ్ కాబట్టి భయం లేదు, వాడబోయే వేడికంటే బాగా పైన, గంటల తరబడి కాల్చి, వరుసగా రెండు సైకిళ్లు ఒకే చోటికి వచ్చాకే కాలిబ్రేషన్ మొదలుపెట్టండి.

ఇంకో దొంగ కూడా ఉన్నాడు. పాలిఇమైడ్ గాలిలోని తేమని పీల్చి కాస్త ఉబ్బుతుంది, వేడిచేస్తే వదిలేసి కుదించుకుంటుంది. దించిన వెంటనే తక్కువ చూపించి, గదిలో ఒక రోజు వదిలేస్తే మెల్లగా పాత చోటికి వస్తే అది సింటరింగ్ కాదు, తేమ. సింటర్ అయింది వెనక్కి రాదు. రెండూ కలిసి ఉండటమే మామూలు, కాబట్టి ప్రతి రీడింగ్ పక్కనా గదిలో తేమ శాతం కూడా రాసుకోండి.

వీటిని చౌకగా అచ్చేసి అమ్మితే వ్యాపారం అవుతుందా?
— ఉద్యోగి, కూకట్‌పల్లి

అచ్చువేయడం చౌకే. ఒక షీటులో వేసిన సెన్సర్ల మధ్య 100 ఓంలకి 10 ఓంల తేడా రావడం వింతేమీ కాదు, అది కాలిబ్రేట్ చేయకపోతే 50 డిగ్రీల తప్పు. అంటే ప్రతి ముక్కనీ కనీసం ఒక తెలిసిన వేడి దగ్గర కొలిచి, దాని అంకె దాని మీద రాసి అమ్మాలి. ఖర్చంతా ఆ కొలతలోనూ, కనెక్టర్లోనూ ఉంటుంది, వెండిలో కాదు. కొద్ది రూపాయల థర్మిస్టర్‌తో పోటీకి దిగకండి. బ్యాటరీ ప్యాకులో సెల్స్ మధ్య సందు, కట్టు కింద పుండు, ఇలాంటి పూస పట్టని చోట్ల ఎవరికి అవసరముందో ముందు వెతకండి. "ఎన్ని డిగ్రీల తేడా ఒప్పుకుంటారు" అని వాళ్లని అడగండి. అర డిగ్రీ అంటే వెనక్కి వచ్చేయండి, రెండు మూడు డిగ్రీలు పర్వాలేదంటే కూర్చుని మాట్లాడండి.